అమ్మ తెలుగులోకి వచ్చిన ఏడాది

మాది రంగం నుంచి వచ్చిన కుటుంబం. రంగూన్‌ను మా వైపు పాతవాళ్లు రంగం అనేవాళ్లు. డెబ్బైల మొదట్లో ఓడ దిగి, మద్రాసులో కొన్నాళ్లు శిబిరంలో ఉండి, రైలెక్కి వరంగల్ చేరేనాటికి నాకు ఎనిమిదేళ్లు.

బాపు పుట్టింది వరంగల్ పక్క పల్లెలోనే. మీసాలు రాని వయసులో ఇంట్లో అలిగి, రైలు పట్టాల పనికి పోయే ముఠాతో విశాఖపట్నం దాకా వెళ్లి, అక్కణ్ణుంచి ఓడెక్కి రంగం పోయాడట. అక్కడ బియ్యం మిల్లులో పనికి కుదిరాడు. ఆ మిల్లు గేటు దగ్గర పొద్దున్నే చేపల పులుసులో బియ్యపు సేమ్యా వేసి అమ్మే ఒక బర్మా అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. ఆమే మా అమ్మ. తర్వాత మిల్లులు సర్కారు చేతికి పోయాయి, బయటి నుంచి వచ్చినవాళ్లకు పని లేదన్నారు. మనవాళ్లంతా ఒకరి వెనుక ఒకరు ఓడలెక్కారు. మేమూ ఎక్కాం. బాపు సొంతూరికి తిరిగొచ్చాడు. అమ్మకూ నాకూ మాత్రం అది పరాయి దేశం.

మేం ముగ్గురమే వచ్చాం. అక్క రాలేదు. అక్క నాకంటే ఐదేళ్లు పెద్దది. ప్రయాణానికి ముందు మా అమ్మమ్మ బావి దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆమెకు కొడుకులున్నా దగ్గర లేరు. ముసలామెను మంచంలో వదిలి ఓడెక్కడం అమ్మకు చేతకాలేదు. ఓడ తప్పిపోతే మళ్లీ కాగితాలు దొరుకుతాయో లేదోనని బాపు భయం. చివరికి అక్కే అంది, అమ్మమ్మ లేచి తిరిగేదాకా నేనుంటాను, మీరు పొండి అని. తర్వాత వచ్చే తెలుగు కుటుంబం ఏదో ఒకటి తనను వెంట తెస్తుందని బాపు మాట ఇచ్చాడు. అమ్మ ఒప్పుకోలేదు. ఏడ్చింది, రెండు పూటలు అన్నం ముట్టలేదు. తర్వాత ఒప్పుకుంది. రేవులో అక్క నా జడ విప్పి మళ్లీ గట్టిగా అల్లింది. మద్రాసులో దిగేదాకా విప్పొద్దంది.

వరంగల్‌లోనే కాశిబుగ్గలో మా పెద్దనాయిన ఇల్లు ఉండేది. ఆయన జంపఖానాలు నేసేవాడు. ముందు గదినిండా మగ్గం, వెనుక వంటిల్లు, పెరట్లో ఒక చిన్న గది. ఆ గది మాకిచ్చారు. మేం రిక్షా దిగిన రోజు వాడంతా చూడ్డానికి వచ్చింది. అమ్మ లుంగీ కట్టుకుని ఉంది. బుగ్గలకు బర్మాలో పూసుకునే చెక్క గంధం పూసుకుంది, కొప్పులో ఒక పక్కకు పువ్వు పెట్టుకుంది. భర్త వాళ్లింటికి మొదటిసారి వస్తున్నానని ముస్తాబైంది పాపం.

"అవ్వో, లుంగీ కట్టిందేందే మొగోని తీరు!" అంది ఎవరో. పిల్లలు నవ్వారు. పెద్దమ్మ గుంపును తోసుకుంటూ వచ్చి, "ఏం జూత్తాండ్లు? పొయ్యి మీద కూర లేదా మీ ఇండ్లల్ల?" అని అందరినీ కసిరి, అమ్మను చెయ్యి పట్టి లోపలికి తీసుకుపోయింది. కాసేపటికి అమ్మ పెద్దమ్మ చీర కట్టుకుని బయటికి వచ్చింది. కుచ్చిళ్లు ఎక్కడ ఊడిపోతాయోనని రెండు పిడికిళ్లతో పట్టుకుని, వాగు దాటుతున్నట్టు అడుగు తీసి అడుగు వేసింది. మళ్లీ అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. అప్పట్లో అమ్మ ఊరికే నవ్వేది.

బాపూ అమ్మా బర్మా భాషలోనే మాట్లాడుకునేవాళ్లు. బాపు ఆ భాషలో వేరే మనిషిలా ఉండేవాడు. తెలుగులో ముక్తసరిగా, తలొంచుకుని మాట్లాడేవాడు, ఇన్నేళ్లూ ఇంటి ముఖం చూడలేదన్న సిగ్గుతోనేమో. అమ్మ దగ్గరికి వచ్చేసరికి గొంతు మెత్తబడేది. ఇద్దరూ పెరటి గడప మీద కూచుని గుసగుసలాడుతూ విరగబడి నవ్వుకుంటుంటే పెద్దమ్మ వంటింట్లోంచి తొంగిచూసేది.

"ఏమంటాంది?" అని అడిగేది.

బాపు ఉన్నది ఉన్నట్టు ఎప్పుడూ చెప్పేవాడు కాదు. ఒకరోజు పెద్దమ్మ చింతకాయ తొక్కు వేసింది. అమ్మకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాలుక కాలిపోయింది, ఈమెకు నా మీద ఏం కోపం, అని బర్మాలో అంది. "మస్తుగున్నదంటాంది వదినె," అన్నాడు బాపు. పెద్దమ్మ సంతోషపడి ఇంకో గరిటె వేసింది. నాకు నవ్వాగలేదు. బాపు కళ్లతోనే నన్ను గదిమాడు.

నేను అమ్మను 'అమే' అని పిలిచేదాన్ని. బర్మాలో అమ్మను అట్లాగే పిలుస్తారు. వాడలో పిల్లలకు అది 'ఆమె' అని వినిపించేది. "కన్నతల్లిని ఆమె అంటదుల్లా!" అని వెక్కిరించేవాళ్లు. నేను ఏడ్చుకుంటూ వస్తే పెద్దమ్మ ఒళ్లో కూచోబెట్టుకుని, "అమ్మా అను బిడ్డా. గదే మాట, జర ఒత్తి పలుకు," అని నేర్పింది. బడిలో వేసిన ఆరు నెలలకే నేను వాడలో పిల్లలందరిలా మాట్లాడటం మొదలుపెట్టాను. అమ్మకు మాత్రం తెలుగు పట్టుబడలేదు. వింటే కొంత తెలిసేది గానీ, నోటికి వచ్చేవి 'నీళ్లు', 'అన్నం', 'దా', 'పో', అంతే. అవసరమేముంది? పక్కన బాపు ఉండేవాడు, లేకపోతే నేనుండేదాన్ని.

తిండి పెద్ద కష్టమైంది. మా దగ్గర ప్రతి కూరలోనూ పులియబెట్టిన చేపల ముద్ద వేస్తారు. అది లేకుండా అమ్మకు ముద్ద దిగేది కాదు. అంగట్లో ఎండు చేపలు తెచ్చి, ఉప్పేసి దంచి, కుండలో పెట్టి ఎండలో ఉంచింది. మూడోనాటికి వాడంతా ముక్కు మూసుకుంది. పెద్దమ్మ మూతి ముడుచుకుంది గానీ కుండ పారబొయ్యమనలేదు. "గోడవతలికి జరుపు," అంది. పెద్దనాయిన నేస్తున్నప్పుడు అమ్మ మగ్గం దగ్గర నిలబడి చూసేది. అమ్మ వాళ్ల ఊళ్లో ఆడవాళ్లు లుంగీలు నేస్తారు. అమ్మకూ చెయ్యి తిరిగిన పనే. ఒకరోజు పెద్దనాయిన పక్కకు జరిగి, కూచోమన్నట్టు చెయ్యి చూపించాడు. తర్వాత ఇంట్లో రెండో మగ్గం వేశారు. బాపుకు ఊళ్లోని నూలు మిల్లులో షిఫ్టు పని దొరికింది. ఇట్లా మెల్లగా మా బతుకు ఒక దారిన పడింది.

అక్క కోసం ఎదురుచూపు మాత్రం రోజూ ఉండేది. అమ్మ గదిలో చిలక్కొయ్యకు అక్క లంగా ఒకటి తగిలించి పెట్టింది. రంగంలో మూట కట్టేటప్పుడు మా బట్టల్లో కలిసి వచ్చిందది. పిల్ల వచ్చాక కట్టుకుంటుందని వారానికోసారి ఉతికి ఆరేసేది. పొట్టి అయిపోయి ఉంటుందేమోనని ఒకసారి అంచు విప్పి పొడుగు చేసింది.

రెండో ఏడు చలికాలంలో బాపు మద్రాసు పోయాడు. రంగం నుంచి కొత్తగా వచ్చినవాళ్లు శిబిరంలో ఉన్నారని, వాళ్లను అడిగితే ఏమైనా తెలుస్తుందని ఎవరో చెప్పారు. నాలుగు రోజులకు తిరిగొచ్చాడు. అమ్మ వాకిట్లోనే ఎదురెళ్లి అడిగింది. అందరూ బాగున్నారు, అమ్మమ్మ లేచి తిరుగుతోంది, ఓడలు సరిగ్గా నడవడం లేదు, ఇంకొంచెం ఆలస్యమవుతుంది అన్నాడు బాపు. ఆ మాట చెప్పి స్నానానికి పోయాడు. చాలాసేపు బయటికి రాలేదు. అమ్మ ఆ రోజు పాయసం వండింది. అప్పటికే అమ్మకు నెల తప్పింది.

ఆ మాఘంలోనే మేడారం జాతర వచ్చింది. పెద్దనాయినకు అంతకుముందు జబ్బు చేసినప్పుడు పెద్దమ్మ మొక్కుకుంది, కోలుకుంటే ఆయన బరువెత్తు బంగారం ఇస్తానని. బంగారమంటే బెల్లమే. జాతరలో దాన్ని బంగారమనే అంటారు. కొట్టు ముందు తక్కెడలో ఒక పక్క పెద్దనాయినను కూచోబెట్టి, ఇంకో పక్క బెల్లం ముద్దలు పేరుస్తుంటే అమ్మ కళ్లప్పగించి చూసింది. ఎందుకని నన్నడిగింది. చెప్పాను. నేనూ వస్తానంది.

"కడుపుతోటి ఉన్నది, బండిల కుదుపులకు ఏమన్న అయితది," అన్నాడు బాపు. పోవద్దని ఎన్ని విధాల చెప్పాడో. అమ్మ వినలేదు. చివరికి తనూ వెంట వచ్చాడు. బండ్లు కట్టుకుని అడవిలో పోయాం. వాగులో స్నానం చేశాం. ఆ దుమ్ము, ఆ జనం, ఆ డప్పులు. అమ్మ నా చెయ్యి వదల్లేదు. అమ్మవార్ల గద్దెల దగ్గర పెద్దమ్మ అమ్మ నొసట పసుపు పెట్టి, "మొక్కుకో చెల్లె, నీ బిడ్డ రావాలెనని మొక్కు. తల్లులు వింటరు," అంది.

అమ్మ చేతులు జోడించి బర్మాలో గట్టిగానే మొక్కింది. చుట్టూ ఎవరికీ అర్థం కాదు గదా. నా పెద్దబిడ్డను నా దగ్గరికి చేర్చండి, వచ్చే జాతరకు దాన్ని తీసుకొచ్చి దాని బరువెత్తు ఇస్తాను అంది. ఆపి, బాపు వైపు తిరిగి అడిగింది, ఇప్పుడు పిల్ల ఎంత బరువుంటుంది, ఎదిగి ఉంటుంది కదా అని. బాపు తల రుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. దుమ్ము కంట్లో పడిందనుకున్నాను.

వానలు పడుతుండగా తమ్ముడు పుట్టాడు. వాడికి మెడ నిలిచిన రోజుల్లో ఒక మధ్యాహ్నం మా ఇంటికి ఒకామె వచ్చింది. రంగంలో మా వీధి వెనుక ఉండేవాళ్లు. మాకంటే ఆలస్యంగా వచ్చారు. ఆమె భర్త మిల్లులో పని అడగడానికి బాపును వెతుక్కుంటూ వచ్చి, ఆమెను మా ఇంట్లో దింపిపోయాడు. అమ్మకు ఎంత ఆనందమో! ఇన్నాళ్లకు తన భాషలో మాట్లాడే ఆడమనిషి. చాప పరిచి, చాయ్ పెట్టి, తమ్ముణ్ణి ఆమె ఒడిలో వేసింది. ఆమె వాణ్ణి ముద్దాడి, కళ్లు ఒత్తుకుని, బర్మాలోనే అంది:

"పోన్లే అక్కా, దేవుడు వీణ్ణిచ్చాడు. మీ పెద్దమ్మాయి సంగతి విన్నప్పటి నుంచి నిన్నెట్లా చూడాలా అనుకున్నాను."

"ఏం సంగతి?" అంది అమ్మ.

ఆమె అమ్మ ముఖం చూసింది. తర్వాత నా ముఖం చూసింది. "జ్వరం... పోయిన ఏడాది వానల్లో ఊళ్లో చాలామందికి వచ్చింది కదా. మా ఆయన మద్రాసులో మీ ఆయనకు చెప్పాడు. చలికాలంలో. నీకు..." అని ఆగిపోయింది.

అమ్మ ఏడవలేదు. తమ్ముణ్ణి ఆమె చేతుల్లోంచి తీసుకుంది. నువ్వు చాయ్ తాగు, చల్లారిపోతుంది, అని చెప్పింది. ఆమె తాగలేదు. ఏడుస్తూ కూచుంది. ఆమె భర్త వచ్చి తీసుకుపోయేదాకా అమ్మ తమ్ముణ్ణి భుజాన వేసుకుని గదిలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. నేను అక్క లంగా వైపు చూడలేక బయటికి వచ్చేశాను. మగ్గం చప్పుడు అట్లాగే వస్తోంది. పెద్దనాయినకు ఇంకా ఏమీ తెలియదు.

సాయంత్రం బాపు షిఫ్టు దిగి వచ్చాడు. ఆయన సైకిలు గోడకు ఆనించగానే అమ్మ గడపలోకి వచ్చింది.

"నీకు ఎప్పుడు ఎరుక?" అంది, తెలుగులో.

నాకు తెలిసి అమ్మ బాపుతో తెలుగులో అన్న మొదటి మాట అది. ఆయనకు అర్థమైపోయింది. సైకిలు దగ్గరే నిలబడి, బర్మాలో గబగబా ఏదో చెప్పబోయాడు.

"తెలుగుల చెప్పు," అంది అమ్మ.

ఆయన మళ్లీ బర్మాలోనే అమ్మ పేరు పిలిచాడు.

"తెలుగుల చెప్పు."

వంటింట్లోంచి పెద్దమ్మ వచ్చింది. మగ్గం ఆగింది. బాపు తలొంచుకుని, "చలికాలంల మద్రాసుకు పోయినప్పుడే తెల్సింది. నువ్వు కడుపుతోటి ఉంటివి. నీకేమన్న అయితదని చెప్పలే. పిల్లగాడు పుట్టినంక చెప్దామనుకున్న. పుట్టినంక నోరు రాలే," అన్నాడు.

అమ్మ మాటల కోసం తడుముకుంది. ఉన్న నాలుగు మాటల్లోనే వెతుక్కుంది. "నేను మొక్కిన. నువ్వు ఉన్నవ్. పక్కకే ఉన్నవ్."

"ఉన్న."

"విన్నవ్."

"విన్న," అని బాపు అక్కడే నేల మీద కూలబడ్డాడు.

పెద్దమ్మకు అప్పుడు విషయం తెలిసింది. "నాకన్న చెప్పకపోతివి గదా మరిదీ! చచ్చిన పొల్లకోసం మొక్కిస్తిని గదా నా చేతులతోని!" అని నెత్తి బాదుకుంది. అమ్మను పట్టుకుని, "బిడ్డ పేరేందే? పేరు పెట్టి ఏడ్వాలె గదనే," అంది. అమ్మ చెప్పింది. ఆ పేరు పెద్దమ్మ నోరు తిరగలేదు. తిరిగినంతలో పిలుస్తూ, ఎన్నడూ చూడని ఆ పిల్లకోసం రాగం తీసి ఏడ్చింది. వాడ ఆడవాళ్లంతా వచ్చి కూచుని ఏడ్చారు. అమ్మ వాళ్ల మధ్యలో కళ్లు తడవకుండా కూచుంది.

ఆ రోజు తర్వాత అమ్మ బర్మా మాట్లాడలేదు. బాపుతో మాత్రమే కాదు, నాతో కూడా. నేను అడిగితే తెలుగులో జవాబిచ్చేది, తప్పులు పోతూ. పెద్దమ్మ వెంట అంగడికి పోయేది. మగ్గాలకు నూలు కండెలు చుట్టే ఆడవాళ్లతో కూచునేది. ఏడాది తిరిగేసరికి అమ్మ తెలుగు ధారాళంగా వచ్చింది. కూరగాయలామెతో కొట్లాడేది. తమ్ముణ్ణి, "ఏడ సచ్చినవ్ర పొద్దటి సంది!" అని తిట్టేది. "ఇగ నువ్వు అచ్చం మా తీరే అయినవ్ చెల్లె," అని వాడలో అందరూ మెచ్చుకునేవాళ్లు. చీర కుచ్చిళ్లు చూడకుండానే దోపుకునేది. అందరి దృష్టిలో మేం అప్పుడే ఈ దేశంలో కుదురుకున్నాం.

వాళ్లిద్దరూ పోట్లాడుకోలేదు. విడిపోలేదు. అమ్మ ఆయనకు వేళకు అన్నం పెట్టేది, మిల్లు బట్టలు ఉతికేది, దగ్గొస్తే మిరియాల కషాయం కాచి ఇచ్చేది. "తింటవా?" "తింట." "జీతమొచ్చిందా?" "వచ్చింది." అంతే. బాపు ఎన్నోసార్లు ప్రయత్నించాడు. గడప మీద కూచుని, అమ్మ చాట చెరుగుతుంటే, బర్మాలో మెల్లగా ఏదో పాత ముచ్చట ఎత్తుకునేవాడు, రంగంలో మిల్లు గేటు దగ్గర వాన కురిసిన రోజు గురించో, మరొకటో. అమ్మ విని, "ఉప్పు అయిపోయింది, తెస్తవా?" అనేది. లేచి సంచీ తీసుకుని పోయేవాడు. తమ్ముడికి ఒక్క బర్మా మాట కూడా రాలేదు. బాపు ఏదైనా అంటే వాడు నవ్వేవాడు, "బాపు కొంగల లెక్క మాట్లాడుతాండే," అని.

ఎనభైల నడుమ బాపుకు దగ్గు ముదిరింది. మిల్లు మానేశాడు, చివరికి దవాఖానలో చేర్చాం. అప్పటికి నాకు ఊళ్లోనే సుబేదారిలో ఒక ఆఫీసులో ఉద్యోగం. పొద్దున ఆఫీసుకు పోతూ, సాయంత్రం వస్తూ దవాఖానకు పోయేదాన్ని. అమ్మ అక్కడే మంచం కింద చాప వేసుకుని ఉండేది. చివరి రోజుల్లో బాపు తెలుగు పూర్తిగా వదిలేశాడు. బర్మాలోనే మాట్లాడేవాడు. నాకూ ఆ భాష సగం మరుపున పడింది. అయినా కొంత అర్థమయ్యేది.

ఒక సాయంత్రం ఆయన అమ్మ చెయ్యి పట్టుకుని ఒకే మాట పదేపదే అన్నాడు. సూది వేయడానికి వచ్చిన నర్సు, "ఏమంటాండమ్మా?" అని అడిగింది.

"నీళ్లు అడుగుతాండు," అంది అమ్మ.

ఆయన నీళ్లు అడగలేదు. ఒక్కసారి మాట్లాడు, నాతో ఒక్కసారి మాట్లాడు అంటున్నాడు. అమ్మ గ్లాసు అందుకుని, ఆయన తల ఎత్తి పట్టుకుని, "జర తాగు," అంది. ఆయన తాగాడు. అమ్మ ముఖంలోకే చూస్తూ తాగాడు. మర్నాడు మధ్యాహ్నం పోయాడు.

చాలా రోజులు నేను అమ్మతో సరిగ్గా మాట్లాడలేకపోయాను. ఇంత కోపమా అనిపించేది. సంవత్సరీకం అయ్యాక ఒక ఆదివారం ఇద్దరం బియ్యంలో రాళ్లు ఏరుతూ కూచున్నాం. ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"బాపు అంత అడిగితే బర్మాల ఒక్క మాటన్న మాట్లాడకపోతివి. అంత కోపమా అమ్మా?"

అమ్మ చేతులు ఆపలేదు. "మొదట్ల కోపమే బిడ్డా. ఏడాదో, రెండేండ్లో. తర్వాత కోపం పోయింది. గాని మళ్ల ఎట్ల షురూ చెయ్యాల్నో ఎరుక కాలే. పొద్దున లేస్త, ఇయ్యాల మాట్లాడుత అనుకుంట. ఆయన డ్యూటీ దిగి వచ్చేదాక ఆ మాట నోట్లనే పెట్టుకొని ఉంట. వచ్చినంక కాళ్లు కడుక్కో, అన్నం పెడ్త అనుడే. తెలుగే వస్తది. గట్లనే రోజులు పోయినయ్."

"మరి దవాఖాన్ల?"

అమ్మ తల ఎత్తింది. "దవాఖాన్ల మాట్లాడుదామనే అనుకున్న. ఇన్నేండ్లకు నేను మాట్లాడితె, ఇగ బతకనని ఆయనకు తెలిసిపోతది గదా. భయమైంది. రేపు జర నయమైనంక మాట్లాడుదామనుకున్న."

అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. అంతలో తమ్ముడు ఆకలంటూ వచ్చాడు. వాడికి అన్నం పెట్టడానికి లేచి లోపలికి పోయింది.